బాంకార్ట్ రిపేరా, లాటార్జేనా: పాత రికార్డులతో ఫలితాలు పోల్చాలంటే ఏమేం కొలవాలి?

ఆర్థో_పీజీ:

థీసిస్ కోసం ప్రోటోకాల్ రాస్తున్నాను. భుజం ముందువైపుకి పదే పదే జారే క్రీడాకారుల్లో ఆర్థ్రోస్కోపిక్ బాంకార్ట్ రిపేర్ (చిన్న రంధ్రాల్లోంచి, కీలు గిన్నె అంచున చిరిగిన కణజాలాన్ని మళ్ళీ ఎముకకి కుట్టేది) అయినవాళ్ళు ఒక గ్రూపు, ఓపెన్ లాటార్జే (పక్కనున్న ఎముక ముక్క తెచ్చి గిన్నె ముందు అంచుకి స్క్రూలతో బిగించేది) అయినవాళ్ళు ఇంకో గ్రూపు. అన్నీ పాత కేసులే, కొత్తగా ఎవరినీ చేర్చడం లేదు. కనీసం రెండేళ్ళ ఫాలో-అప్ పూర్తయినవాళ్ళనే తీసుకుని, మళ్ళీ జారినవాళ్ళు ఎంత శాతం, రో స్కోరు (భుజం స్థిరత్వం, కదలిక, పనితీరుకి వేసే మార్కులు) ఎంత, ఆటకి తిరిగి వెళ్ళింది ఎంతమంది అన్న మూడూ పోల్చాలని ఆలోచన.

అడగాల్సినవి ఇవి. రో స్కోరు ఒక్కటి సరిపోతుందా, వోసీ (జారే భుజం గురించి రోగే నింపే ప్రశ్నపత్రం) కూడా పెట్టాలా? ఎముక అరుగుదల ఎలా కొలిస్తే రివ్యూయర్లు ఒప్పుకుంటారు? ఒక్కో గ్రూపులో యాభై మంది దాకా వస్తే చాలా? లాటార్జే గ్రూపులో మళ్ళీ జారడం బాగా తక్కువగా వస్తే, ఆ ఆపరేషనే మెరుగని రాయొచ్చా?

భుజం_స్కోప్:

చివరి ప్రశ్నకి ముందు జవాబు: రాయకూడదు. ఎముక బాగా పోయినవాళ్ళకి, కాంటాక్ట్ ఆటలాడేవాళ్ళకి, ఒకసారి రిపేర్ ఫెయిలైనవాళ్ళకి సర్జన్ లాటార్జే ఎంచుకుంటాడు. మిగతావాళ్ళకి బాంకార్ట్. అంటే రెండు గ్రూపులూ మొదటి రోజు నుంచే వేరు. ఆ తేడాని కొలవకుండా ఫలితాల తేడాని ఆపరేషన్ ఖాతాలో వేస్తే ఏ రివ్యూయరైనా మొదటి పేజీలోనే పట్టుకుంటాడు.

అందుకే స్కోర్ల సంగతి తర్వాత, ఎముక సంగతి ముందు. బర్కార్ట్, డి బీర్ 2000లో ప్రచురించిన 194 ఆర్థ్రోస్కోపిక్ బాంకార్ట్ కేసుల్లో చెప్పుకోదగ్గ ఎముక లోపం లేనివాళ్ళకి మళ్ళీ జారింది 4 శాతం, ఉన్నవాళ్ళకి 67 శాతం. ఎముక లోపం ఉండి కాంటాక్ట్ ఆటలాడేవాళ్ళలో అది 89 శాతం. ఒకే ఆపరేషన్‌లో ఇంత తేడా ఉన్నప్పుడు, ఎముక కొలత లేని థీసిస్‌కి అర్థం లేదు.

కొలత ఇలా. త్రీడీ సీటీ బొమ్మలోంచి హ్యూమరల్ హెడ్ (చేయి ఎముక గుండ్రటి తల) తీసేసి గ్లినాయిడ్‌ని (ఆ తల కూర్చునే గిన్నెని) ఎదురుగా చూడాలి. కింది మూడింట రెండు వంతుల అంచుకి సరిపోయే వృత్తం గీయండి. దాని వ్యాసం డి అనుకుందాం. ముందు అంచున పోయిన వెడల్పు మిల్లీమీటర్లలో తీసి డి తో భాగిస్తే శాతం వస్తుంది. హ్యూమరల్ హెడ్ వెనక హిల్-శాక్స్ గుంట (భుజం జారినప్పుడు గిన్నె అంచు గుద్దుకుని పడే నొక్కు) కొలవడానికి కఫ్ (భుజం చుట్టూ ఉండే స్నాయువుల పట్టీ) అతుక్కునే చోటు లోపలి అంచు నుంచి మొదలుపెట్టి గుంట లోపలి అంచు దాకా తీయాలి. మధ్యలో మిగిలిన ఎముక వంతెన కూడా అందులో కలుస్తుంది. చాలామంది గుంట వెడల్పు ఒక్కటే తీసి వంతెన వదిలేస్తారు. దాంతో ఆఫ్-ట్రాక్ కేసులు (గుంట గిన్నె అంచుకి చిక్కుకునేవి) ఆన్-ట్రాక్‌గా (చిక్కుకోనివిగా) నమోదవుతాయి.

2014లో డి జియాకోమో, ఇటోయ్, బర్కార్ట్ ఇచ్చిన లెక్క: గ్లినాయిడ్ ట్రాక్ (చేయి కదిలేటప్పుడు గిన్నె తాకే పట్టీ వెడల్పు) అంటే డి లో 83 శాతం, అందులోంచి పోయిన వెడల్పు తీసేయాలి. ఉదాహరణకి డి 28 మి.మీ., పోయింది 4 మి.మీ. అనుకోండి. 28 ఇంటూ 0.83 అంటే 23.2, అందులో 4 తీస్తే 19.2 మి.మీ. ట్రాక్. హిల్-శాక్స్ కొలత 21 వస్తే అది ట్రాక్ దాటింది, ఆఫ్-ట్రాక్. ఎముక నష్టం శాతంగా చూస్తే 14.3 మాత్రమే. ఒక్క శాతమే చూసేవాళ్ళు దీన్ని ‘పర్వాలేదు’ గదిలో వేసేస్తారు.

ఇంకో చిక్కు. వెడల్పు లెక్కలో వచ్చే శాతం, వైశాల్యం లెక్కలో వచ్చే శాతం ఒకటి కావు. వృత్తంలో అడ్డంగా 20 శాతం పోతే వైశాల్యంలో పోయేది 14 శాతం చిల్లరే. ఏ పద్ధతి వాడారో రాయకుండా వేరే పేపర్‌లోని కటాఫ్‌ని మీ డేటాకి తగిలించొద్దు. ఇప్పుడు అందరూ ఎత్తిచూపే 13.5 శాతం కటాఫ్ 2015లో షాహా బృందం అమెరికా సైనికుల మీద చేసిన పని నుంచి వచ్చింది. అక్కడ అది మళ్ళీ జారడం కన్నా వోసీ స్కోరు దిగజారడానికి ముడిపడిన అంకె. ఈ సంగతి చాలా థీసిస్‌లలో తారుమారవుతుంది.

కొలతలు ఇద్దరు విడివిడిగా, ఫలితం తెలియకుండా తీయాలి. కొన్నాళ్ళాగి అందులో ఒకరు మళ్ళీ తీయాలి. ఐసీసీ (ఆ కొలతలు ఒకదానితో ఒకటి ఎంత కలిశాయో చెప్పే అంకె) రిపోర్టు చేయండి.

ఆర్థో_పీజీ:

చాలా ఉపయోగపడింది సర్. కొన్ని పాత కేసులకి సీటీ లేదు, ఎక్స్‌రే, ఎమ్మారై మాత్రమే ఉన్నాయి. వాటిని వదిలేయాలా?

భుజం_స్కోప్:

వదిలేస్తే ఎంతమందిని వదిలారో, వాళ్ళ వయసు, ఆట ఏంటో పట్టికలో చూపించండి. సీటీ తీయించినవాళ్ళు సాధారణంగా ఎముక లోపం అనుమానించినవాళ్ళే కాబట్టి వదిలేయడం కూడా ఒక పక్షపాతమే. ఎమ్మారైలో వృత్తం గీయొచ్చు, కానీ సీటీ కొలతలతో కలిపేయకుండా వేరే కాలమ్‌లో ఉంచండి.

ఎక్స్‌రే ఉంటే కనీసం ఐసిస్ స్కోరు (మళ్ళీ జారే ముప్పుని మార్కుల్లో చెప్పేది) వేయొచ్చు. 2007లో బాల్గ్, బ్వాలో ఇచ్చింది. ఆపరేషన్ నాటికి వయసు 20 లేదా అంతకన్నా తక్కువైతే 2, పోటీల స్థాయి ఆటకి 2, కాంటాక్ట్ లేదా చేయి పైకెత్తి బలంగా ఆడే ఆటకి 1, కీళ్ళు అతిగా వదులైతే 1, చేయి బయటికి తిప్పి తీసిన ఎక్స్‌రేలో హిల్-శాక్స్ కనిపిస్తే 2, గ్లినాయిడ్ కింది అంచు గీత చెదిరితే 2. మొత్తం 10. ఆరు దాటితే ఆర్థ్రోస్కోపిక్ బాంకార్ట్ తర్వాత మళ్ళీ జారే అవకాశం 70 శాతమని వాళ్ళ లెక్క. ఆ అంకెని తర్వాతి పేపర్లన్నీ అలాగే నిర్ధారించలేదు కానీ, రెండు గ్రూపులు మొదట్లో ఎంత వేరో చూపించడానికి ఇది బాగా పనికొస్తుంది.

ఆపరేషన్ నోట్స్ నుంచి యాంకర్ల (కుట్లని ఎముకకి పట్టి ఉంచే చిన్న మేకుల) సంఖ్య కూడా తీయండి. మూడు లేదా అంతకన్నా తక్కువ యాంకర్లు వేసినవాళ్ళలో ఎక్కువ ఫెయిలైనట్టు బ్వాలో బృందం 2006లోనే చూపించింది. రెంప్లిసాజ్ (హిల్-శాక్స్ గుంటలోకి వెనకవైపు కఫ్‌ని కుట్టి నింపడం) కూడా చేసి ఉంటే అది మామూలు బాంకార్ట్ కింద లెక్కకి రాదు, వేరే గ్రూపు.

లెక్కల_పిచ్చి:

ప్రోటోకాల్‌లో ఒక పెద్ద కన్నం ఉంది, ఎవరూ అనలేదు కాబట్టి అంటున్నా. ‘కనీసం రెండేళ్ళ ఫాలో-అప్ పూర్తయినవాళ్ళు’ అన్న షరతు. ఎనిమిదో నెలలో మళ్ళీ జారి, ఇంకోచోట రివిజన్ (మళ్ళీ ఆపరేషన్) చేయించుకుని మీ రికార్డులోంచి మాయమైన మనిషి ఈ షరతుతో ఎగిరిపోతాడు. ఫెయిలైనవాడే లెక్కలో లేకుండా పోతే శాతం అందంగానే కనిపిస్తుంది. షరతు ఇలా మార్చండి: రెండేళ్ళు పూర్తయినవాళ్ళు, లేదా అంతకన్నా ముందే ఎప్పుడు ఫెయిలైనా ఆ కేసు కూడా లోపలికే. దాని బదులు అందరినీ ఉంచి కప్లాన్-మెయర్ (కాలం గడిచేకొద్దీ జారనివాళ్ళు ఎంత శాతం మిగిలారో చూపే గీత) గీస్తే ఇంకా మేలు. ఫాలో-అప్ రెండేళ్ళు ఉన్నవాణ్ణీ ఆరేళ్ళు ఉన్నవాణ్ణీ ఒకే శాతంలో కలపాల్సిన పని తప్పుతుంది. రెండేళ్ళు దాటాక జారడం ఆగిపోదు. అందుకని లాటార్జే కేసులు కొత్తవి, బాంకార్ట్ కేసులు పాతవి అయితే పోలిక ముందే ఒకవైపు ఒరిగి ఉంటుంది.

ఫోన్‌కి దొరకనివాళ్ళ సంగతి. 100 మందిలో 80 మందే దొరికారు, వాళ్ళలో 8 మందికి జారింది అనుకోండి. పేపర్‌లో 10 శాతం అని రాస్తారు. దొరకని 20 మందికీ జారిందనుకుంటే 28, ఎవరికీ జారలేదనుకుంటే 8. ఈ మూడు అంకెలూ రాయండి. దొరకనివాళ్ళు బాగానే ఉండి రాలేదని తేలిగ్గా అనేసుకుంటాం కానీ, కోపమొచ్చి రానివాళ్ళూ అందులోనే ఉంటారు.

యాభై మంది చాలా అన్నదానికి: 20 శాతానికీ 10 శాతానికీ మధ్య తేడాని 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే అది స్టడీకి దొరికే అవకాశంతో) పట్టుకోవాలంటే ఒక్కో గ్రూపులో దాదాపు 200 మంది కావాలి. యాభైలో ముగ్గురికి జారితే 6 శాతమే, కానీ 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు రేటు ఉండగల హద్దులు) సుమారు 1 నుంచి 17 దాకా పరుచుకుంటుంది. ముప్ఫైలో ఒక్కరికీ జారకపోయినా అసలు రేటు 10 శాతం దాకా ఉండొచ్చు. పైగా జారినవి పదే ఉంటే, మల్టీవేరియబుల్ మోడల్‌లో (చాలా అంశాలని ఒకేసారి లెక్కలోకి తీసుకునే పద్ధతిలో) ఒకటి, మహా అయితే రెండు అంశాలకి మించి పెట్టొద్దు. వయసు, ఆట, ఎముక, యాంకర్లు, కీళ్ళ వదులు అన్నీ కలిపి తోసేస్తే వచ్చే పీ విలువకి విలువ లేదు. ప్రొపెన్సిటీ స్కోరు (ఒకేలాంటి రోగులని రెండు గ్రూపుల్లోంచి జత కలిపే పద్ధతి) వాడాలన్నా రెండు గ్రూపుల్లో ఒకేలాంటి ఎముక నష్టం ఉన్నవాళ్ళు తగినంతమంది ఉండాలి. లాటార్జే వాళ్ళందరికీ 20 శాతం పైన, బాంకార్ట్ వాళ్ళందరికీ 10 లోపు ఉంటే జత కలపడానికి మనుషులే దొరకరు.

నా సలహా, పోలిక వదిలేయండి. బాంకార్ట్ గ్రూపు ఒక్కదాన్నే తీసుకుని, ఎముక నష్టాన్ని బట్టి ఫలితం ఎలా మారిందో చూపించండి. యాభై మందితో అది నిజాయితీగా చేయగలిగిన పని.

ఫిజియో_రీహాబ్:

‘ఆటకి తిరిగి వెళ్ళారు’ అన్న ఒక్క కాలమ్ చాలదు. నాలుగు వేర్వేరుగా అడగాలి: ఏదో ఒక ఆటకి వెళ్ళారా, అదే ఆటకా, అదే స్థాయికా, ఎన్ని నెలలకి. వెళ్ళనివాళ్ళని కారణం కూడా అడగండి. చదువు, ఉద్యోగం, వయసు వల్ల మానేసినవాళ్ళు భుజం వల్ల మానేసినవాళ్ళు కారు.

దీనికీ మళ్ళీ జారడానికీ లంకె ఉంది. ఆట మానేసినవాడి భుజం జారే సందర్భమే రాదు. కాబట్టి మొత్తం మందిలో ఒక శాతం, కాంటాక్ట్ ఆటకి తిరిగి వెళ్ళినవాళ్ళలో ఇంకో శాతం, రెండూ ఇవ్వాలి. రెండో అంకె దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, అదే కోచ్‌కీ ఆటగాడికీ కావాల్సింది.

‘మళ్ళీ జారడం’ అంటే ఏంటో కూడా ముందే రాసిపెట్టుకోండి. పూర్తిగా ఊడి ఇంకొకరు కూర్చోబెట్టాల్సి రావడం ఒకటి. సగం జారి దానంతటదే కూర్చోవడం ఇంకొకటి. చేయి పక్కకెత్తి బయటికి తిప్పగానే ఊడిపోతుందేమోనని బిగుసుకుపోవడం మూడోది. మొదటిది ఒక్కటే లెక్కపెడితే అంకె చిన్నది, మూడూ కలిపితే చాలా పెద్దది. ఫోన్‌లో ‘భుజం జారిందా’ అని అడిగితే రెండో రకం వాళ్ళు లేదనేస్తారు. ‘లోపల కదిలినట్టు, తప్పుకుని మళ్ళీ సర్దుకున్నట్టు అనిపించిందా’ అని అడగండి.

స్కోర్ల విషయానికొస్తే, రోలో 100కి 50 మార్కులు స్థిరత్వానికే. అంటే మళ్ళీ జారినవాడికి స్కోరు ఎలాగూ పడిపోతుంది, ఒకే విషయాన్ని రెండుసార్లు రిపోర్టు చేసినట్టు. దానికి ఒకటికి మించి వెర్షన్లున్నాయి, ఏది వాడారో రాయాలి. వోసీలో 21 ప్రశ్నలు, ఒక్కోటి 100 మి.మీ. గీత మీద గుర్తు పెట్టేది, మొత్తం 2100. ఇక్కడ సున్నా అంటే అన్నిటికన్నా మంచిది. శాతంగా మార్చేటప్పుడు తిరగేయడం మర్చిపోతే మొత్తం పట్టిక తలకిందులవుతుంది: 420 వస్తే అది 80 శాతం, 20 కాదు. పాత రికార్డుల స్టడీలో ఆపరేషన్‌కి ముందు వోసీ ఉండదు. ఉన్నట్టు రోగి జ్ఞాపకం మీద ఇప్పుడు నింపించొద్దు, చివరి స్కోరు మాత్రమే ఇవ్వండి. ఏఎస్ఈఎస్ (భుజానికి వాడే ఇంకో సాధారణ స్కోరు) ఇక్కడ అనవసరం. అది నొప్పికి సగం మార్కులిస్తుంది, జారే భుజం మధ్యలో పెద్దగా నొప్పెట్టదు, కాబట్టి చాలామందికి ఎక్కువ మార్కులే వస్తాయి.

బలం కొలిచిన రికార్డులుంటే ఒక జాగ్రత్త. రెండో చేతితో పోల్చి 90 శాతం వస్తే సరే అనే పద్ధతి విసిరే ఆటల్లో మోసం చేస్తుంది. ఆడే చేయి మామూలుగానే బలమైనది కాబట్టి, దానికి ఆపరేషనైతే 90 శాతం అంటే ఇంకా లోటున్నట్టే. ఏ చేతికి ఆపరేషనో, ఏ చేత్తో ఆడతారో రెండూ నమోదు చేయండి.

భుజం_స్కోప్:

పోలిక వదిలేయమన్న మాట ఒప్పుకుంటాను, ఒక సవరణతో. లాటార్జే కేసులు పారేయకండి, కాంప్లికేషన్ల కోసం విడిగా రిపోర్టు చేయండి. మస్క్యులోక్యుటేనియస్, యాక్సిలరీ నరాల బలహీనత, గ్రాఫ్ట్ (తెచ్చి బిగించిన ఎముక ముక్క) అతకకపోవడం, స్క్రూ వదులవడం లేదా విరగడం, గ్రాఫ్ట్ బయటికి పొడుచుకు రావడం, అన్నీ వేర్వేరు కాలమ్‌లు. గ్రాఫ్ట్ అతికిందా లేదా అన్నది ఎక్స్‌రేతో తేల్చొద్దు, సీటీ ఉన్నవాళ్ళకే రాయండి, మిగతావాళ్ళకి ‘తెలియదు’ అని పెట్టండి. ఇన్ఫెక్షన్ లేదని రాసేముందు కల్చర్ (క్రిములని పెంచి చూసే పరీక్ష) ఎన్ని రోజులు ఉంచారో ల్యాబ్ రిపోర్టులో చూడండి. భుజంలో ఎక్కువగా కనిపించే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా మెల్లగా పెరుగుతుంది. అయిదు రోజులకే మూసేసిన కల్చర్‌లో అది దొరక్కపోవచ్చు, రెండు వారాల దాకా ఉంచాలి.

ఎథిక్స్ కమిటీకి ఇచ్చే ముందు జారడానికి మీరు పెట్టుకున్న నిర్వచనం, ఫోన్‌లో అడిగే ప్రశ్నల పాఠం ఇక్కడ పెట్టండి, చూస్తాం.