ఈ వారం సమస్య: ఉప్పునీట దప్పి యుడిగె మాకు

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. కొత్తవాళ్ళకు ఒక మాట: సమస్య అంటే అర్థం పొసగనట్టుండే చివరి పాదం, దానికి ముందు మూడు పాదాలు రాసి అర్థం కుదర్చాలి. పోయిన శనివారం తెల్లారి నాలుగుకే కడపలో బయలుదేరాం. ఐదుగురం, ఒకే కారు. సిద్ధవటం దగ్గర పెన్న దాటేటప్పటికి ఇంకా చీకటే. బద్వేలులో టీ, ఆత్మకూరు దాటాక ఎండ. సంగం దగ్గర పెన్న మళ్ళీ కనబడింది. నందిదుర్గం కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచే ఆ నది మా దగ్గర ఏడాదిలో చానా రోజులు ఇసకే. ఆ ఇసకలో ఆడుకుని పెరిగినోళ్ళం, దాని వెంటే పోయి సముద్రం చూడాలని ఇంటర్ రోజుల నుంచీ అనుకుంటూ ఉన్నాం.

నెల్లూరు దగ్గరి మైపాడు సముద్రతీరంలో కారు ఆగీ ఆగకముందే ఒకడు దిగి, ప్యాంటు కూడా మడవకుండా నీళ్ళలోకి పరిగెత్తాడు. అల వచ్చి మొహాన కొట్టింది. నోటినిండా ఉప్పు. ఉమ్మేసి, మోచేత్తో మూతి తుడుచుకొని, "దప్పి తీరింది రా" అన్నాడు. వాడి మాటే ఈ వారం సమస్య.

ఇది ఆటవెలది (వేమన పద్యాల ఛందస్సు, పొట్టిగా ఆ.వె.) నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే (ఒక్కోటి గురువు-లఘువు, లేదా మూడు లఘువులు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, ఉ–యు. ముందు పాదంతో సంధి కుదరడానికి మొదట్లో "నుప్పు" అన్నా "యుప్పు" అన్నా పరవాలేదు. చిక్కు ఎక్కడుందో తెలిసిందే. సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు. ఒంట్లో చేరిన ఆ ఉప్పును బయటికి పంపడానికి మూత్రపిండాలు తాగిన నీళ్ళకంటే ఎక్కువ నీళ్ళు ఖర్చుపెడతాయి. అంటే దప్పి పెరగాలే గాని తీరకూడదు. పూరించండి.

ప్రొద్దుటూరు మిత్రుడు:
ఆ.వె.
పెన్న యిసుకలోన పెరిగిన వారము
కడలి చూడ మనసు కలలు గనెను
నేడు కన్నులార నీలిమ జుర్రంగ
నుప్పునీట దప్పి యుడిగె మాకు

నిర్వాహకుడు:
అన్నా, "జుర్రంగ" దగ్గర ఆగిపోయాను. అంబలి జుర్రినట్టు నీలిమను కళ్ళతో జుర్రడం! ఆ ఒక్క మాటతో దప్పి నోటి నుంచి కంటికి మారింది, చిక్కు విడిపోయింది. రెండో పాదం మాత్రం పలచగా ఉంది. మనసు కలలు కనడం ఎవరైనా రాస్తారు. మొదటి పాదంలో ఇసుక ఉంది కదా, ఆ ఇసుకలో ఆడుతూ ఏం ఊహించుకున్నారో అది రాసి ఉంటే బాగుండేది.

బద్వేలు అక్క:
ఆ.వె.
పట్టపగటి యెండ బద్వేలు దాటగ
తలలు తిరిగె గొంతు తడియు నారె
అవ్వ నిమ్మ పిండి యందించె ముంతతో
ఉప్పునీట దప్పి యుడిగె మాకు

నిర్వాహకుడు:
అక్కా, ఊరి పేరు గణంలో ఎంత చక్కగా కూర్చుంది! చెమటతో పోయిన ఉప్పును నిమ్మకాయ ఉప్పునీళ్ళు తిరిగి ఇస్తాయి కాబట్టి విషయం కూడా నిజమే. ఒక్క సవరణ. "అందించె" అనగానే వాక్యం అక్కడితో అయిపోయి, ఉప్పునీళ్ళు ఎక్కడివో తెలియడం లేదు. "యందించు ముంతలో / నుప్పునీట" అంటే ముంతా నీళ్ళూ కలుస్తాయి, విసంధి (సంధి జరగాల్సిన చోట జరగకపోవడం) కూడా పోతుంది.

బద్వేలు అక్క:
నిజమే నాయనా, మార్చుకుంటాను.

జమ్మలమడుగు సార్:
ఆ.వె.
కడలి యొడ్డు నిసుక కరముల దోడగా
చెలమ నీటి తీపి చెలిమి దొరికె
పెన్న చెలమ వోలె పిలిచెను సంద్రమ్ము
ఉప్పునీట దప్పి యుడిగె మాకు

ప్రొద్దుటూరు మిత్రుడు:
సార్, చెలమలో, అంటే ఇసుకలో తవ్విన గుంటలో, తియ్యటి నీళ్ళు పడితే దప్పి తీర్చింది మంచినీళ్ళు కదా? "ఉప్పునీట" ఎట్లా పొసుగుతుంది?

జమ్మలమడుగు సార్:
ఉప్పునీటి మీదనే ఆ మంచినీళ్ళు తేలుతుంటాయి నాయనా. ఇసుక దిబ్బల్లో ఇంకిన వాన నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. కాబట్టి పైన మంచినీళ్ళు, అడుగున ఉప్పునీళ్ళు. మరీ లోతుకు తవ్వితే ఉప్పు తగులుతుంది. చిన్నప్పుడు ఎండాకాలంలో మేము పెన్నలో చెలమ తీసి, మొదట ఊరిన బురదనీళ్ళు తోడి పారబోసి, తేట పడేదాకా బిందె పక్కన కూర్చునేవాళ్ళం. సముద్రం ఒడ్డున కూడా చెలమ కనబడేసరికి సొంతూరికి వచ్చినట్టయింది.

నిర్వాహకుడు:
సార్, ఈ వివరణ పద్యంలో సగమే పట్టింది. బురదనీళ్ళు తోడి పారబోయడం కూడా వచ్చి ఉంటే ఇంకేం కావాలి! చెలమ–చెలిమి మాత్రం చానా నచ్చింది. మూడో పాదం చివర "సంద్రమ్ము" తర్వాత "ఉప్పు" వస్తే ఉత్వసంధి నిత్యం, తప్పించుకోలేం. "పిలిచెను వారిధి / యుప్పునీట" అంటే సరిపోతుంది. సంద్రం అన్న తియ్యటి మాట పోతుంది, అదే బాధ.

రాయచోటి మిత్రుడు:
మొదటిసారి రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి.
ఆ.వె.
గల్ఫు నుండి వచ్చి కౌగిలించె నొకడు
ఏండ్ల యెడము తీరె నిసుక మీద
చెంప మీద జారె చెమ్మయై మైత్రియే
యుప్పునీట దప్పి యుడిగె మాకు

జమ్మలమడుగు సార్:
యతులు సరిగ్గా ఉన్నాయి. గ–కౌ చెల్లుతుంది, రెండో పాదంలో "తీరెను + ఇసుక" కాబట్టి ఏ–ఇ చెల్లుతుంది. "ఒకడు" మరీ పేలవంగా ఉంది, "సఖుడు" అన్నా గణం కుదురుతుంది కదా?

నిర్వాహకుడు:
సార్, క్షమించండి, ఒక్కసారి మీతో విభేదిస్తాను. "ఒకడు" ఉండనివ్వండి. మనవాళ్ళలో ఒకడు కువైట్‌లో ఉన్నాడు, ఒకడు బెంగళూరులో ఉన్నాడు అని మనం రోజూ అనుకునే మాట అది. సఖుడు అంటే వాడు పుస్తకంలోకి పోతాడు.

ఇంకో సంగతి. అలలో నోరు తెరిచి ఉప్పునీళ్ళు మింగినవాడు ఆరేళ్ళ తర్వాత కువైట్ నుంచి వచ్చినవాడే. ఈ మాట నేను ఇక్కడ ముందు రాయలేదు, రాయచోటి తమ్ముడికి తెలిసే దారి లేదు. వెనక్కి వచ్చేటప్పుడు వాడు వెనక సీట్లో, తడి ప్యాంటుతో, ఆత్మకూరు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. నిద్రపోతున్నాడు అనుకున్నాం.

వచ్చే వారం సమస్య: చెట్టు కింద నిలిచె చేప గుంపు.

రాయచోటి మిత్రుడు:
సార్, ఆ అన్నకు నా పద్యం చూపించండి.

నిర్వాహకుడు:
రాత్రే వాట్సాప్‌లో పంపాను తమ్ముడూ. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. పొద్దున ఆరు కాకముందే ఫోన్ చేసి, "యెడము అంటే ఏంది రా?" అని అడిగాడు. ఎడబాటు అని చెప్పాను.