చెక్క డెక్ బాగు చేయించాలి: ఒక్కరోజు పనివాడా, వారం పనివాడా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఇంటి వెనక చెక్క డెక్ (గోడని ఆనుకుని పలకలతో కట్టిన అరుగు లాంటిది) ఉంది. ఎప్పుడో వేసిన పూత కొన్నిచోట్ల పొరలుగా లేస్తోంది, మిగతాచోట్ల చెక్క బూడిదరంగుకి తిరిగింది, నీడ పడే మూలంతా పాకుడు పట్టి కాలు పెడితే జారుతోంది. ఇద్దరు వచ్చి చూసి వెళ్లారు. ఒకాయన పొద్దున ప్రెషర్ వాషర్‌తో (నీళ్లని జోరుగా చిమ్మే మిషన్) కడిగి సాయంత్రానికి కోటింగ్ వేసేస్తా అన్నాడు. రెండో ఆయన దాదాపు వారం పడుతుందన్నాడు, రేటు కూడా బాగా ఎక్కువ చెప్పాడు. ఎవరికివ్వాలి? లేక నేనే చేసుకోవచ్చా?

జవాబు 1:
మొదటాయన్ని వదిలేయండి. ఇంకేం ఆలోచించక్కర్లేదు.

జవాబు 2:
పైన చెప్పింది నిజమే, కారణం కూడా చెబుతాను. తడి ఉన్న చెక్క కోటింగ్‌ని లోపలికి తీసుకోదు, అది పైపైనే ఆరి కొన్నాళ్లకి మళ్లీ ఇలాగే పొరలు లేస్తుంది. కడిగాక ఎండగా ఉన్నా కనీసం రెండు రోజులు వదలాలి, నీడపట్టున ఇంకా ఎక్కువ. తేమ మీటర్ ఉన్నవాళ్లు 15 శాతం లోపు వచ్చాకే వేస్తారు. మీటర్ లేకపోతే పూత పోయిన చోట నాలుగు చుక్కల నీళ్లు చల్లి చూడండి, కాసేపట్లో ఇంకిపోతే చెక్క సిద్ధంగా ఉన్నట్టు, ముత్యాల్లా నిలబడితే పాత పూత ఇంకా పట్టుకునే ఉన్నట్టు.

ఇక ప్రెషర్ వాషర్. దాన్ని పూర్తిగా వద్దనను కానీ, దగ్గరగా పెట్టి కొడితే గడ్డం మొలిచినట్టు చెక్క నారంతా పైకి లేచిపోతుంది, మెత్తరకం చెక్క అయితే గాట్లు కూడా పడతాయి. విసనకర్రలా వెడల్పుగా చిమ్మే నాజిల్ పెట్టి, అడుగు దూరం నుంచి, చెక్క చార వెంటే పోవాలి, తక్కువ ప్రెషర్‌లో. చాలా డెక్‌లకి పొడుగు కర్ర బ్రష్షు చాలు.

అసలు ఇవన్నీ తర్వాత. ముందు ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని డెక్ కిందకి దూరండి. పలకల చివర్లలో, స్క్రూల చుట్టూ, దూలాల మీద పలక ఆనే చోట పొడిచి చూడండి. గట్టిగా తగిలితే సరే, మెత్తగా దిగబడితే లోపల పుచ్చినట్టే, దానిమీద ఎంత ఖరీదైన కోటింగ్ వేసినా దండగే. డెక్‌ని ఇంటి గోడకి పట్టి ఉంచే దూలం మరీ ముఖ్యం, దానికి బోల్టులు ఉండాలి. ఉత్త మేకులే కనబడితే రంగు సంగతి పక్కన పెట్టి ముందు మంచి వడ్రంగిని పిలవండి, ఎత్తులో ఉన్న డెక్ అయితే ఆ పని అయ్యేదాకా జనాన్ని ఎక్కించకండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. కింద చూశాను, దూలాలు గట్టిగానే ఉన్నాయి, బోల్టులు ఉన్నాయి. పలకల సందుల్లో మాత్రం ఆకులు, మట్టి కూరుకుపోయి నల్లగా తడిగా ఉంది. పాకుడికి బట్టల బ్లీచ్ వాడొచ్చా?

జవాబు 2:
ఆ సందులే అసలు శత్రువు. పాత పుట్టీ కత్తితో గీకి మొత్తం లాగేయండి, గాలి ఆడితేనే పలక అంచు బతుకుతుంది. ఇది ఏడాదికి రెండుసార్లయినా చేయాల్సిన పని, దీనికి మనిషి అక్కర్లేదు.

క్లోరిన్ బ్లీచ్ వద్దు, చెక్క పైపొరని తినేస్తుంది. ఆక్సిజన్ బ్లీచ్ అని పొడి దొరుకుతుంది, సోడియం పెర్కార్బొనేట్, నీళ్లలో కలిపి పోసి పది పదిహేను నిమిషాలు నాననిచ్చి రుద్ది కడగండి. మేకుల చుట్టూ నల్లమచ్చలు మిగిలితే ఆక్సాలిక్ ఆమ్లం వాడతారు, దానికి గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి, పక్కన మొక్కలుంటే ముందే బాగా తడిపి ఉంచండి. ఏ ఆమ్లాన్నీ క్లోరిన్ బ్లీచ్‌తో కలవనివ్వొద్దు, విషవాయువు వస్తుంది.

లేచిన పాత పూతని 60 లేదా 80 నంబరు ఉప్పు కాగితంతో తీయాలి. అంతకంటే నునుపు చేస్తే కొత్త కోటింగ్ ఇంకదు. డెక్ బాగా పాతదైతే మాత్రం జాగ్రత్త, ఒకప్పుడు చెక్కకి పట్టించిన మందులో ఆర్సెనిక్ ఉండేది (అమెరికాలో ఇళ్ల వాడకానికి 2003 ఆఖరుతో ఆపేశారు), ఆ ధూళి పీల్చకూడదు, ఆ ముక్కలు కాల్చకూడదు.

జవాబు 3:
రెండో ఆయనకి ఇచ్చే ముందు కాగితం మీద రాయించుకోండి: పాత పూత తీయడం లెక్కలో ఉందా, ఎన్ని రోజులు ఆరబెడతాడు, ఏ కోటింగ్, ఎన్నిసార్లు పూస్తాడు, పాడైన పలక బయటపడితే దాని లెక్క ఎలా, వాన వస్తే ఏంటి. రెండేళ్ల కిందట చేసిన పని చూపించమనండి, నిన్నటిది ఎవరిదైనా మెరుస్తుంది. మెట్టు పక్కనో ఎక్కడో ఒక మూల చిన్న ముక్క మీద వేసి చూపించమంటే చిరాకు పడేవాడు మనకొద్దు. డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి, సామాను వరకు అడ్వాన్స్ ఇచ్చి, మిగతాది కోటింగ్ ఆరాక చూసుకుని ఇవ్వండి.

నన్నడిగితే చెక్కలోకి ఇంకే నూనె రకం కోటింగే మేలు. తొందరగా వెలిసిపోతుంది నిజమే, కానీ పొరలు లేవదు, ఇంకోసారి వేయాలంటే కడిగి ఆరబెట్టి పైన వేసేయొచ్చు.

జవాబు 1:
ఒకటి మర్చిపోయారు. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయొద్దని పనివాళ్లకి గట్టిగా చెప్పండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఒక్కొక్కటీ విప్పి బయట ఆరేయాలి, లేదంటే నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టాలి.