స్క్రిప్నిక్‌ని ఏ ఖాతాలో వేయాలి?

గోదావరిగట్టు:
ఉక్రెయిన్ బోల్షెవిక్ (కమ్యూనిస్టు) నాయకుడు మికోలా స్క్రిప్నిక్ (1872–1933) గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడటం లేదని మొదలుపెడుతున్నా. తూర్పు ఉక్రెయిన్‌లో, దొన్‌బాస్ ప్రాంతంలోని యాసినువాతాలో రైల్వే ఉద్యోగి ఇంట పుట్టాడు. రష్యా జార్ చక్రవర్తి కాలమంతా జైళ్లు, ప్రవాస శిక్షలు, తప్పించుకోవడాలు. 1918 మార్చిలో సోవియట్ ఉక్రెయిన్ ప్రభుత్వానికి పెద్ద. తర్వాత హోం, న్యాయ శాఖలు. 1927 నుంచి విద్యాశాఖ. ఆయన హయాంలో 80 శాతానికి పైగా బడుల్లో చదువు ఉక్రేనియన్‌లోనే సాగింది. 1933 జులై 7న ఖార్కీవ్‌లో తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. నా లెక్కలో ఆయన భాషకు మేలు చేసినవాడే. మీరేమంటారు?

బండిఱ:
గట్టు గారూ, సగమే చెప్పారు. 1918లో చెకాలో, అంటే బోల్షెవిక్కుల రహస్య పోలీసు శాఖలో, పనిచేసిన సంగతి వదిలేశారేం? విద్యాశాఖ కుర్చీ కూడా ఊరికే రాలేదు. అంతకుముందు ఆ శాఖ చూసిన షుమ్‌స్కీని ‘జాతీయవాది’ అని తరిమేసినవాళ్లలో ఈయనా ఉన్నాడు. ఆరేళ్లకు అదే ముద్ర ఈయన మీద పడింది, అంతే.

పాతపేపరు:
షుమ్‌స్కీ సంగతి ఒప్పుకుంటా. కానీ 1928 వర్ణక్రమాన్ని, అంటే ఉక్రేనియన్ రాత నియమాలను, తక్కువ చేయకండి. అటు పోలండ్ కింద ఉన్న గలీసియాలో ఒక రాత, ఇటు సోవియట్ వైపు మరో రాత. రెండు వైపుల పండితులనూ 1927లో ఖార్కీవ్‌కు పిలిపించి, రాజీ కుదిర్చి, ఆయనే సంతకం పెట్టాడు. ఉక్రేనియన్‌లో మామూలు ‘గ’ అక్షరాన్ని దాదాపు ‘హ’లా పలుకుతారు. అసలు ‘గ’ ధ్వనికి కొక్కెం ఉన్న వేరే అక్షరం కావాలి. దానికి ఈ వర్ణక్రమం స్థిరమైన చోటిచ్చింది. 1933లో దాన్నే పట్టుకుని, ఉక్రేనియన్‌ను రష్యన్ నుంచి విడదీసి పోలిష్ భూస్వాములకు అప్పగిస్తున్నాడన్నారు! అక్షరాన్నే తీసి పారేశారు. (మన బండి ‘ఱ’ని కనీసం నేరస్తుణ్ని చేయలేదు లెండి.)

బండిఱ:
ఆ రాజీ కుదిర్చిన పండితులు ఏమయ్యారు సార్? 1930 మార్చిలో ఖార్కీవ్ ఒపేరా హౌస్‌లో 45 మందిని బోనులో నిలబెట్టారు. ‘ఉక్రెయిన్ విమోచన సంఘం’ అనే సంస్థ పేరున అల్లిన కేసు. వర్ణక్రమ సంఘంలో పనిచేసిన హాంత్సోవ్, హొలొస్కెవిచ్ ఇద్దరూ అందులో ముద్దాయిలు. మంత్రిగారు నోరు విప్పింది కేసును సమర్థించడానికే. తన కింద పనిచేసినవాళ్లను బోనెక్కిస్తే సమర్థించిన మనిషిని భాషోద్ధారకుడంటే నాకు మింగుడు పడదు.

గోదావరిగట్టు:
మరి 1932–33 ఉక్రెయిన్ కరువు మాటో? 1932 జులై పార్టీ సభలో, స్టాలిన్ కుడిభుజాలైన మొలొతోవ్, కగనోవిచ్ ఎదుటే, ఊళ్లలో రైతులు ‘అంతా చీపురుతో ఊడ్చుకుపోయారు’ అంటున్నారని చెప్పింది ఈయనే. ఆ గదిలో ఆ మాట అనడం చిన్న విషయమా?

బండిఱ:
చిన్నది కాదు. అన్నాక చేసిందేమిటి? ఉక్రెయిన్ పార్టీ అగ్ర కమిటీ అయిన పొలిట్‌బ్యూరోలోనే కొనసాగాడు. ఆ శీతాకాలం ధాన్యం వసూళ్ల ఉత్తర్వులు వెళ్లింది అక్కడినుంచే కదా.

పాతపేపరు:
ఇక్కడే నాకు గట్టు గారి ‘మేలు’ అతకదు, మీ కత్తీ పూర్తిగా తెగదు. స్క్రిప్నిక్ మొదటినుంచీ బోల్షెవిక్కే. భాషను పార్టీ చేతుల్లో పెట్టి పెంచాలనుకున్నాడు, పార్టీకి దూరంగా పెంచేవాళ్లను పార్టీకే అప్పజెప్పాడు. ఆయన దృష్టిలో రెండూ ఒకే పని. 1933 జనవరిలో మాస్కో నుంచి స్టాలిన్ మనిషి పోస్తిషెవ్ దిగాక విద్యాశాఖ ఊడింది, తప్పు ఒప్పుకుంటూ రాయమన్నారు. రాసిన ప్రతిసారీ చాలదన్నారు. షుమ్‌స్కీని ఏ పద్ధతిలో వంచారో ఆయనకు బాగా తెలుసు.

గోదావరిగట్టు:
ఆ పోస్తిషెవ్‌నీ 1939లో కాల్చేశారు. అందుకని పోస్తిషెవ్ మంచివాడైపోలేదు, ఆ మాట స్క్రిప్నిక్‌కీ వర్తిస్తుందని బండిఱ గారు అంటారని తెలుసు. కానీ ఆ అక్షరం 1990లో తిరిగొచ్చింది. 1928 పద్ధతులు కొన్ని 2019 నియమావళిలోకీ వచ్చాయి. పోస్తిషెవ్ చేసిందాంట్లో అలా తిరిగొచ్చిందేముంది?

బండిఱ:
తిరిగొచ్చింది పండితుల పని. సంతకం మంత్రిది. అందుకే అడుగుతున్నా: ఈ చర్చకు హాంత్సోవ్ పేరెందుకు పెట్టలేదు మీరు?