రాయగడలో కారు గుద్దింది, కాలు విరిగింది, ఏం చేయాలి?

కొత్త సభ్యుడు, రాయగడ:

అన్నలకీ అక్కలకీ నమస్కారం. మాది తుని. కాంట్రాక్టు పని మీద మూడు నెలల క్రితం ఇక్కడికి వచ్చాను, ఒడియా ఇంకా రాదు. పోయిన గురువారం సాయంత్రం డ్యూటీ దిగి బండి మీద గదికి వస్తుంటే జేకేపూర్ రోడ్డులో వెనక నుంచి కారు గుద్దేసింది. ఎడమ కాలు మోకాలి కింద ఎముక విరిగింది, సిమెంటు కట్టు వేసి పంపించేశారు. కారు ఓనరే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రోజూ గదికి వచ్చి పదివేలు ఇస్తాను, కేసు వద్దు, కాగితం రాసుకుందాం అంటున్నాడు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. ఐదు రోజులైంది, ఠాణాలో ఏమీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తే ఆలస్యం అంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

రాయగడ నుంచి, ఇరవై రెండేళ్లుగా ఇక్కడే:

తమ్ముడూ, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకు. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

ఆయన మంచివాడే కావచ్చు, నేను కాదనను. కానీ నీకు పరిహారం రావాల్సింది ఆయన జేబులోంచి కాదు, కారుకి ఉన్న థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు నుంచి. ఆ మాట ఆయనకే నెమ్మదిగా చెప్పి చూడు, చాలామంది కేసు అనగానే జైలు అనుకుని భయపడి ఇలా రోజూ తిరుగుతుంటారు. ఎంపరివాహన్ యాప్‌లో కారు నంబరు కొడితే ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది, ఇవాళే చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. పదివేలు కట్టు విప్పేదాకా కూడా రావు. ఎముక సరిగ్గా అతక్క రాడ్డు వేయాలన్నారనుకో, నాకు ఏ అభ్యంతరమూ లేదని రాసిచ్చిన చేత్తో అప్పుడు ఎవర్ని అడుగుతావు?

ఐదు రోజులకే ఆలస్యం అయిపోలేదు. దెబ్బలు తగిలినవాడు ముందు ఆసుపత్రికే పరిగెడతాడు, ఠాణాకి కాదు. ఆలస్యానికి సరైన కారణం చెప్తే అదొక్కటే చూసి క్లెయిము కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లోనే అంది. అయితే ఇంకా నాన్చకు. 2022 ఏప్రిల్ నుంచి కొత్త నిబంధన వచ్చింది, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే ట్రిబ్యునల్‌లో, అంటే ప్రమాద పరిహారం తేల్చే కోర్టులో, పిటిషన్ వేయాలి. ఆరు నెలలంటే చాలా ఉందనిపిస్తుంది కానీ కాలు బాగయ్యే సరికే నాలుగు నెలలు పోతాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. 2019లో సాలూరు నుంచి కోరాపుట్ వెళ్తూ సుంకి ఘాట్‌లో నా బండిని ఎదురుగా వచ్చిన కారు కొట్టింది. భుజం ఎముక విరిగింది. రెండో రోజు ఠాణాలో కూర్చోబెట్టి రిపోర్టు రాశారు, నేను వచ్చీరాని ఒడియాలో చెప్పాను, ఆయన రాసుకున్నాడు, కాగితం ఇటు తిప్పి ఇక్కడ సంతకం అన్నాడు. ఒడియా అక్షరాలు గుండ్రంగా మన అక్షరాల్లాగే ఉంటాయి కానీ నాకప్పుడు ఒక్కటీ తెలియదు. చెయ్యి మెడకి కట్టి ఉంది, నొప్పి, ఇంటికి పోవాలన్న తొందర. ఎడం చేత్తో సంతకం పెట్టేశాను. ఎనిమిది నెలల తర్వాత లాయరు గారు అదే కాగితం చదివి, నువ్వు రోడ్డుకి ఏ పక్కన వస్తున్నావయ్యా అని అడిగారు. ఎడమ పక్కనే అన్నాను. ఇక్కడ డాహాణ అని ఉందే అన్నారు. డాహాణ అంటే కుడి. ఒక్క మాట, దాంతో తప్పులో సగం నాదైపోయింది, రావాల్సిన డబ్బులోనూ కోత పడింది. రాసినాయన కావాలని రాశాడని నేను ఈ రోజుకీ అనను. నేను చదివించుకోలేదు, అంతే.

అందుకే ఒడియా చదవడం, తెలుగు మాట్లాడటం రెండూ వచ్చిన మనిషిని వెంటబెట్టుకుని ఠాణాకి వెళ్లు. ఇక్కడ ఎస్సైకి పైన ఐఐసీ, అంటే ఠాణా ఇన్‌చార్జి ఇన్‌స్పెక్టరు ఉంటారు, ఆయన్ని కలిసి చెప్పు. రాసింది నీకు చదివి వినిపించాలి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, ఇవి వాళ్లు నీకు చేసే ఉపకారం కాదు, చట్టంలోనే ఉంది. చదువుతున్నప్పుడు నాలుగు సంగతులు చెవి పెట్టి విను: ఏ రోజు, ఎన్ని గంటలకి, కారు నంబరు, నువ్వు ఏ పక్కన ఉన్నావు. ఏ కాలో కూడా విను. కేసు కట్టాక 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ట్రిబ్యునల్‌కి పంపాల్సింది పోలీసులే. పంపారా లేదా అని మధ్యలో ఒకసారి కనుక్కుంటూ ఉండు.

జేపూర్ నుంచి, ఆసుపత్రి రికార్డుల పని చేసే అక్క:

బాబూ, కేసు సంగతి అన్నయ్య చెప్పారు, నేను కాలి సంగతి అడుగుతాను. వేళ్లు కదులుతున్నాయా? గోరు నొక్కి వదిలితే తెల్లబడి వెంటనే ఎర్రబడుతోందా? కట్టు లోపల నొప్పి తగ్గకుండా రోజురోజుకీ పెరిగినా, వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లిపోవాలి, పొద్దున చూద్దాం అనుకోవద్దు. తలకి దెబ్బ తగిలిందో లేదో నువ్వు రాయలేదు. వాంతులు, విపరీతమైన తలనొప్పి, మత్తుగా ఉండటం ఉంటే అదీ అంతే, కొందరికి రెండు మూడు రోజుల తర్వాత బయటపడుతుంది. ఒంటరిగా గదిలో ఉన్నావు కాబట్టి పక్క గది వాళ్లకి ఈ మాట చెప్పి పెట్టు. 108 ఇక్కడ కూడా పని చేస్తుంది.

రెండోది, ఆసుపత్రిలో నీ పేరు, దెబ్బ ఎలా తగిలిందని రాశారో చూసుకో. కారు ఓనరు తీసుకెళ్లాడు అంటున్నావు, జారిపడ్డాడు అని చెప్పి ఉంటే అలాగే రాసేస్తారు. మా దగ్గర ఇలాంటివి చాలా చూశాను. రోడ్డు ప్రమాదం అని చెప్పి ఎంఎల్‌సీ (పోలీసు కేసుకి సంబంధించిన వైద్య రికార్డు) నమోదైందా అని అడుగు, కాకపోతే ఇప్పుడైనా డాక్టరు గారికి జరిగింది జరిగినట్టు చెప్పి రాయించుకో. ఓపీ చీటీ, ఎక్స్‌రే ఫిల్ము, ఏదీ పారేయకు. సర్కారు ఆసుపత్రిలో నిరామయ కౌంటర్లో మందులు ఉచితమే, కాబట్టి బయట కొన్న ప్రతి మందుకీ బిల్లు అడిగి తీసుకో. ఆటో ఖర్చు కూడా తారీఖు వేసి ఒక నోటుపుస్తకంలో రాసుకో.

ఇంకొకటి, నీకు ఇప్పుడు అక్కరకి రాకపోయినా మిగతావాళ్ల కోసం. 2025 మేలో కేంద్రం పథకం ఒకటి తెచ్చింది, రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లకి ఆ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో మొదటి ఏడు రోజులు లక్షన్నర దాకా డబ్బు కట్టకుండా వైద్యం చేయాలి. చేర్చుకునేటప్పుడే అడగాలి.

సిరొంచ నుంచి:

మా వైపు ఒడియా బదులు మరాఠీ, మిగతా బాధ అదే. తమ్ముడికి ఒక ఊరట చెప్తాను. ఎఫ్‌ఐఆర్ ప్రమాదం జరిగిన చోటే ఉన్నా, పరిహారం పిటిషన్ మాత్రం నువ్వు నివాసం ఉండే ఊరి ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు. మా బావమరిదికి సిరొంచలో దెబ్బ తగిలింది, ఆయన కాపురం మంచిర్యాలలో, అక్కడే వేశాం. వాయిదా వాయిదాకి ప్రాణహిత దాటి రావాల్సిన పని తప్పింది, వాంగ్మూలం కూడా తెలుగులోనే చెప్పాడు. మరాఠీ కాగితాలకి అనువాదం చేయించాల్సి వచ్చింది, ఆ ఖర్చు ఉంటుంది. మీ తుని వైపు కోర్టులో వేయొచ్చేమో అడుగు.

కొత్త సభ్యుడు:

చాలా థాంక్స్ అక్కా, అన్నా. వేళ్లు కదులుతున్నాయి, వెచ్చగానే ఉన్నాయి. తలకి హెల్మెట్ ఉంది. యాప్‌లో చూశాను, కారుకి ఇన్సూరెన్సు ఉంది. నిన్న ఆసుపత్రి దగ్గర ఒకాయన కలిసి, కేసంతా నేనే చూసుకుంటాను, వచ్చినదాంట్లో ముప్పై శాతం ఇస్తే చాలు అన్నాడు. ఆయనకి ఇవ్వమంటారా?

రాయగడ నుంచి:

వద్దు. గెలిచిన డబ్బులో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం లాయర్లకే కుదరదు, ఇక మధ్యవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఖాళీ వకాలత్ (లాయరుకి కేసు అప్పగించే కాగితం) మీద సంతకం పెట్టించుకుని నీ బ్యాంకు పాస్‌బుక్ కూడా అడుగుతారు. 15100కి ఫోన్ చెయ్, న్యాయ సేవాధికార సంస్థ నంబరు అది. ఉచితంగా లాయరుని ఇచ్చేవాళ్ల జాబితాలో కార్మికులు కూడా ఉన్నారు. నీకు ఈఎస్ఐ (కార్మికుల బీమా) కార్డు ఉందా? పని నుంచి ఇంటికి వస్తూ జరిగినా లెక్కలోకి వస్తుంది, పని చేయలేని రోజులకి జీతంలో 90 శాతం దాకా ఇస్తారు. జీతం చేతికిస్తున్నారా, బ్యాంకులోనా? చేతికైతే హాజరు పుస్తకంలో నీ పేరున్న పేజీలు ఇప్పుడే ఫోటో తీయించు, కాంట్రాక్టరు మారితే ఆ పుస్తకం దొరకదు.

గది ఎక్కడో విడిగా మెసేజ్ పెట్టు. మా పక్కింటాయన ఒడియా బడిలో మాస్టారు, తెలుగు బాగా మాట్లాడతారు, అడిగాను, వస్తానన్నారు. రేపు పదింటికి ఆటో తీసుకుని ఇద్దరం వస్తాం. ఎక్స్‌రే, ఓపీ చీటీ, లైసెన్సు, ఆధార్ ఒక కవర్లో పెట్టుకుని ఉండు. కారు ఓనరు పొద్దున్నే వస్తే మా అన్న వచ్చాక మాట్లాడతానని చెప్పు.