మధుపర్కాల ఫోటోలు అండర్ అయితే: ఎక్స్‌పోజర్ లాగాలా, స్క్రీన్ లేయర్ వెయ్యాలా?

చీకటిగది
ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఎప్పుడూ తెగని తగువు ఇది. మధుపర్కాలు కట్టుకుని పీటల మీద కూర్చున్నాక తీసిన ఫ్రేములు, ఫ్లాష్ చాలక దాదాపు రెండు స్టాప్‌లు అండర్ (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగం). సగం రా ఫైళ్ళు (సెన్సర్ ఇచ్చిన ముడి డేటా), సగం జేపెగ్‌లు (కెమెరాయే కుదించి ఇచ్చినవి). లైట్‌రూమ్‌లో ఎక్స్‌పోజర్ లాగితే చాలని ఒక వర్గం. ఫోటోషాప్‌లో లేయర్‌ని డూప్లికేట్ చేసి స్క్రీన్ మోడ్‌లో (కింది లేయర్‌తో కలిసి ఫోటోని వెలిగించే బ్లెండింగ్) పెడితేనే స్కిన్ టోన్ నిలుస్తుందని ఇంకో వర్గం. లెక్కలతో చెప్పండి.

రాఫైల్
రా చేతిలో ఉంటే స్క్రీన్ ఊసే అక్కర్లేదండీ. ఎక్స్‌పోజర్ స్లైడర్ స్టాప్‌లలో నడుస్తుంది. +2 అంటే నాలుగు రెట్లు. ముందు వైట్ బ్యాలెన్స్ సరిచేసి, ఎక్స్‌పోజర్ +1.7 దగ్గర ఆపండి. మిగతా 0.3 ముఖాల మాస్క్‌లో (ముఖాల వరకే ఎంచుకున్న భాగంలో) ఇవ్వండి. పంచె తెలుపు కొట్టేస్తుంటే హైలైట్స్ -40. షాడోస్ స్లైడర్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, వెనక వరస చీకట్లో దాక్కున్న నాయిజ్ (గరుకు చుక్కలు) అంతా ముందుకొచ్చి కూర్చుంటుంది.

లైట్‌రూమ్‌లోకి 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఏఐ డీనాయిజ్ ఈ ఫైళ్ళకి బాగా పనికొస్తుంది. 50 దగ్గర మొదలుపెట్టి 35 దాకా దించి చూడండి. ఎక్కువైతే బుగ్గలు మైనపు బొమ్మలా తేలతాయి, జరీ పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మాస్కుల కంటే ముందే ఇది కానివ్వండి.

స్క్రీన్ వేస్తే నలుపు పాలిపోతుంది. అందుకే నాకది గిట్టదు.

ఉత్తజేపెగ్
రాఫైల్ గారూ, నలుపు మాట ఒకసారి లెక్కేసి చూద్దాం. 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. సరిగ్గా తీస్తే 180 ఉండాల్సిన ముఖం రెండు స్టాప్‌లు అండర్ అయితే సుమారు 95కి పడుతుంది. 245 ఉండాల్సిన పంచె 131కి వస్తుంది. ఒక స్క్రీన్ లేయర్ నూరు శాతం ఒపాసిటీతో వేస్తే ముఖం 155, పంచె 195. ఫైల్‌లో 10 దగ్గరున్న నలుపు 20కి లేస్తుంది. అదే నలుపు, లీనియర్‌గా (అసలు వెలుగు లెక్కలో) రెండు స్టాప్‌లు ఎత్తితే 29కి పోతుంది! నలుపు ఎక్కడ ఎక్కువ పాలిపోయిందో మీరే చూడండి.

స్క్రీన్‌తో అసలు తంటా పైనుంది: పంచె 195 దగ్గరే ఆగి, ఉతకని బట్టలా కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే రెండో స్క్రీన్ లేయర్ వేసేస్తారు, దాంతో ముఖం 192కి పోయి చప్పబడుతుంది. రెండోది వద్దు. పైన లెవెల్స్ (నలుపు, మధ్య, తెలుపు హద్దులు జరిపే సాధనం) పెట్టి తెలుపు త్రికోణాన్ని 255 నుంచి 215కి జరపండి. ముఖం 184, పంచె 231, నలుపు 24. జింప్‌లో కూడా ఇదే వరస పనిచేస్తుంది.

అయితే ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే. 0 నుంచి 95 దాకా ఉన్న మెట్లని 184 దాకా సాగదీస్తే మధ్యలో ఖాళీలు పడతాయి, హిస్టోగ్రామ్ (ఏ మెట్టు మీద ఎంత ఫోటో ఉందో చూపే గ్రాఫ్) దువ్వెనలా అవుతుంది. వెనక కర్టెన్ల మీద చారలు కనిపించేది ఇందుకే. ఇంకా ఎన్నో మెట్లుండే 16 బిట్‌కి మార్చుకుని పనిచేయండి. పోయిన మెట్లు తిరిగి రావు గానీ, కొత్తవి పోకుండా ఉంటాయి.

రాఫైల్
నలుపు విషయంలో తగ్గాను. జేపెగ్ వరకూ మీ పద్ధతే వాడుకోండి. రా ఫైల్‌ని ఫోటోషాప్‌లోకి తెచ్చి స్క్రీన్ వెయ్యడం మాత్రం ఇప్పటికీ దండగ పనే అంటాను.

మండపంలైటు
ఇద్దరూ ఒకటి వదిలేశారు. ఫ్లాష్ ఎందుకు అండర్ అయిందో తెలియకుండా ఎంత ఎత్తాలో ఎలా తేలుస్తారు? ఇక్కడ రెండు రకాలున్నాయి.

మొదటిది, ఫ్లాష్ పూర్తిగా వెలిగినా అందకపోవడం. ఫంక్షన్ హాల్ సీలింగ్ ఎత్తు, బౌన్స్‌లోనే (ఫ్లాష్‌ని సీలింగ్‌కి కొట్టి తిప్పడంలో) రెండు స్టాప్‌లు పైగా పోతాయి. పోర్టబుల్ ఫ్లాష్ పెట్టి 1/250 సెకను కంటే వేగమైన షట్టర్‌తో హైస్పీడ్ సింక్‌లో తీస్తే ఇంకో రెండు ఎగిరిపోతాయి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే: పెళ్ళికూతురు 3 మీటర్లలో, వెనక పిన్నిగారు 6 మీటర్లలో ఉంటే ఇద్దరి మధ్యా రెండు స్టాప్‌ల తేడా. మొత్తం ఫ్రేముని ఎత్తితే ఆ తేడా అలాగే ఉంటుంది. పిన్నిగారికి విడిగా మాస్క్ పడాల్సిందే.

రెండోది, ఫ్లాష్ దగ్గర శక్తి ఉండీ టీటీఎల్ (లెన్స్‌లోంచి వచ్చే వెలుగు చూసి ఫ్లాష్ ఎంతో తేల్చే ఆటోమేటిక్ పద్ధతి) ముందే ఆపేయడం. మధుపర్కాలప్పుడు జరిగేది ఎక్కువగా ఇదే. ఫ్రేమంతా తెల్ల బట్ట, ఎర్ర అంచు తప్ప. ప్రీఫ్లాష్ (కొలత కోసం ముందు వెలిగే చిన్న మెరుపు) ఆ తెలుపు మీద పడి గట్టిగా తిరిగొస్తుంది, కెమెరా ఇక చాలనుకుంటుంది. వెలుగు నాలుగో వంతే పడింది కాబట్టి ముఖంలో సిగ్నల్‌కీ నాయిజ్‌కీ ఉన్న నిష్పత్తి సగమైంది. స్క్రీన్ వేసినా, స్లైడర్ లాగినా ఆ సగం అలాగే ఉంటుంది. ఫ్లాష్ కాంపెన్సేషన్ +1 పెట్టుకుంటే, లేదా ముఖం మీద ఫ్లాష్ ఎక్స్‌పోజర్ లాక్ చేసుకుంటే మీ గొడవే ఉండదు.

ఇక రంగు. ఫ్లాష్ దాదాపు 5500 కెల్విన్, హాల్లో పసుపు లైట్లు 3000 చుట్టుపక్కల. ఫ్లాష్ తగ్గిన కొద్దీ ముఖంలో హాలు లైటు వాటా పెరుగుతుంది. మీరు రెండు స్టాప్‌లు ఎత్తినప్పుడు ఆ పసుపు కూడా రెండు స్టాప్‌లు లేస్తుంది. పసుపు రాసిన ముఖానికీ పసుపు లైటు పడ్డ ముఖానికీ తేడా తెలియని ఎడిటింగులు మార్కెట్లో బోలెడు. బ్యాక్‌గ్రౌండ్ మాస్క్‌లో టెంపరేచర్ నీలం వైపు తెచ్చి, ముఖానికి ఆరెంజ్ ల్యూమినెన్స్ +10, రెడ్ శాచురేషన్ -10 ఇచ్చి చూడండి. అలా చేసినప్పుడు గంధం, బుగ్గచుక్క పాలిపోతున్నాయేమో గమనించండి.

చీకటిగది
ఐఎస్ఓ (కెమెరా సున్నితత్వం) పెంచి తీసి ఉంటే బాగుండేదా?

మండపంలైటు
ఫ్లాష్ ఫుల్‌లో వెలిగి ఉంటే, నికాన్ డీ750 లాంటి బాడీల్లో ఐఎస్ఓ 400లో తీసి రెండు స్టాప్‌లు ఎత్తినా, 1600లో తీసినా పెద్ద తేడా రాదు. పాత కెనాన్ 5డీ మార్క్ 3 లాంటి వాటిలో మాత్రం ఎత్తగానే నీడల్లో అడ్డచారలు తేలతాయి, అక్కడ ఐఎస్ఓ ముందే పెంచుకోవాలి.

ఉత్తజేపెగ్
12×36 ఆల్బమ్ షీటుకి వెళ్ళే ఫ్రేమైతే ఈ చారల్ని మానిటర్‌లో 100 శాతం జూమ్ పెట్టి తిట్టుకోకండి. ముఖం ఉన్న ముక్కని ల్యాబ్‌లో అదే కాగితం మీద 4×6 తీయించి చూడండి. మానిటర్ మీద 184 బాగున్న ముఖం కాగితం మీద డల్‌గా వస్తే, లెవెల్స్ మధ్య త్రికోణం 1.00 నుంచి 1.10కి జరపండి.