విజయవాడ నుంచి విశాఖ జూకు: ఆరు వేలలో కుటుంబ ప్రయాణం సాధ్యమేనా?

అందరికీ నమస్కారం. మేము విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాము. వచ్చే నెలలో అమ్మను, నా భార్యను, 9, 4 ఏళ్ల పిల్లలిద్దరినీ రైల్లోనూ సిటీ బస్సుల్లోనూ తీసుకువెళ్లి విశాఖలోని ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల చూపించాలని సంకల్పించాను. మా పెద్దమ్మాయి ఏడాదిగా పాలడబ్బాలో వేసుకున్న చిల్లరను మొన్న నేల మీద కుప్పగా పోసి, "ఇవి జిరాఫీ టికెట్‌కి" అన్నప్పటి నుంచి ఈ ప్రయాణాన్ని ఇక వాయిదా వేయడానికి నాకు మనసు రావడం లేదు.

ఉదయం బయలుదేరే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ రైలు మధ్యాహ్నానికి గానీ విశాఖ చేరదు కాబట్టి, శనివారం రాత్రి స్లీపర్‌లో బయలుదేరి, ఆదివారమంతా జూలో గడిపి, ఆ రాత్రికే తిరుగు రైలు ఎక్కాలన్నది నా ఆలోచన. సోమవారం జూకు సెలవు. చిన్నవాడికి అయిదేళ్లు నిండలేదు కనుక టికెట్ అక్కర్లేదు. పెద్దమ్మాయికి బెర్త్ కావాలంటే పూర్తి చార్జీ కట్టాల్సిందే. స్త్రీ శక్తి పథకం వల్ల సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఖర్చుండదు.

నా అసలు బెంగ అమ్మ మోకాళ్ల గురించే. 600 ఎకరాలకు పైబడిన ఆవరణలో ఆమె నడవలేరు. లోపలి బ్యాటరీ వాహనాలు మధ్యమధ్య దిగి, మళ్లీ ఎక్కే వీలు కల్పిస్తాయా? స్టేషన్ నుంచి జూ గేటుకు దగ్గరగా దింపే బస్సు నంబరు ఏది? తెల్లవారుజామున దిగాక స్నానపానాలకు ఆడవాళ్లకు అనువైన, చవకైన చోటు ఏదైనా ఉందా? ఇటీవల వెళ్లివచ్చినవారు తమకైన ఖర్చుతో సహా దయచేసి తెలియజేయగలరు.