మాయాబజార్ పిల్లలకి రంగుల్లో చూపించాలా, నలుపు తెలుపులోనా?

రీలుబాక్సు
మా అక్క పిల్లలు న్యూజెర్సీ నుంచి సెలవులకి వస్తున్నారు. వాడికి పదకొండు, దానికి ఎనిమిది. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడమంటేనే సిగ్గు. వచ్చినప్పుడల్లా వాళ్ళకి ఒక పాత సినిమా చూపించడం నాకు మొక్కుబడి లాంటిది. పోయినసారి మిస్సమ్మ పెట్టాను. అరగంటకల్లా ఇద్దరూ నిద్ర. తప్పు నాదేలెండి, ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలుగా నటించే కథ ఆ వయసు వాళ్ళకేం పడుతుంది?

ఈసారి మాయాబజార్. అందులో సందేహం లేదు. ఏది పెట్టాలన్నదే గొడవ. 1957లో కె.వి.రెడ్డి గారు తీసిన నలుపు తెలుపుదా, 2010లో రంగులద్ది థియేటర్లలో వదిలినదా? నా ఓటు పాతదానికే. లాహిరి లాహిరి పాటలో కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ పట్టుకొచ్చిన వెన్నెల రంగుల్లో నాకు సాయంత్రం ఆరున్నరలా కనిపించింది. అక్క మాత్రం "నలుపు తెలుపు పెట్టావంటే వాళ్ళు ఫోన్లు తీస్తారు, నీ ఇష్టం" అంటోంది. మీరేమంటారు?

సిక్స్‌త్_బి
అన్నా, రంగులదే పెట్టు. 2010లో నేను ఆరో తరగతి. మా తాతయ్య థియేటర్‌కి తీసుకెళ్ళాడు. పోస్టర్ మీద రంగులు లేకపోతే నేను వెళ్ళేవాణ్ణే కాదు, ఒప్పుకుంటున్నా. ఘటోత్కచుడు లడ్డూలు మింగుతుంటే హాలంతా ఒకటే నవ్వు. పక్కన తాతయ్య నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. అది చూశాకే పాతది వెతికి చూశా, తర్వాత పాతాళభైరవి, ఆ తర్వాత దొంగరాముడు. ఆ రంగుల గుమ్మం లేకపోతే నేను ఈ ఇంట్లోకి వచ్చేవాణ్ణి కాదు.

నేలక్లాసు
తమ్ముడూ, మీ తాతగారు ఏడ్చింది రంగులు చూసి కాదయ్యా. పాతది గుర్తొచ్చి.

మేం టూరింగ్ టాకీసులో ఇసుక మీద కూచుని చూశాం. రీలు మార్చినప్పుడల్లా మరమరాలు. అప్పుడు పిల్లకాయలం, మాకెవరూ రంగులద్ది ఇవ్వలేదు, మరి మాకెందుకు నచ్చింది? ఎస్వీ రంగారావు గద ఎత్తితే ఆ గద బంగారమా ఇత్తడా అని ఎవడైనా అడిగాడా? మన బుర్రలోనే రంగులుండేవి. ఎవడో కంప్యూటర్ ముందు కూచుని శశిరేఖ చీర ఫలానా రంగు అని తేల్చేస్తే ఒప్పుకోవాలా?

సిక్స్‌త్_బి
బాబాయ్, అప్పుడు పక్క టెంటులో ఇంకో సినిమా లేదు. ఇప్పుడు చేతిలో ఫోనుంది. పోటీ వేరు.

ఇంకో మాట. మార్చకూడదు, మార్చకూడదు అంటున్నారు కదా, అసలు మాయాబజార్ కథే మార్చి తీసింది. వ్యాసభారతంలో శశిరేఖ ఎక్కడుంది? అభిమన్యుడి పెళ్ళి ఉత్తరతో. నాటకాల వాళ్ళు ఆడి ఆడి నిలబెట్టిన కథ ఇది. 1936లోనే ఒకసారి సినిమాగా వచ్చింది. వ్యాసుడికి లేని అభ్యంతరం మనకెందుకు?

పద్యాలపిచ్చి
ఈ వాదన వినడానికి బాగుంది కానీ నిలబడదు. పాత కథని కొత్తగా తీయడం ఒక పని. వేరేవాళ్ళు తీసిన ఫ్రేము మీద బ్రష్షు పెట్టడం ఇంకో పని. కె.వి.రెడ్డి 1936 సినిమా తెచ్చుకుని దానిమీద రంగు పూయలేదు కదా. తనది తాను తీసుకున్నాడు. పింగళి నాగేంద్రరావు చేత అసమదీయులు, తసమదీయులు అని మాటలు పుట్టించాడు. తెర మీద ఒక్క పాండవుడూ కనిపించకుండా పాండవపక్షం కథ నడిపాడు. అంత ధైర్యం ఉన్నవాణ్ణి ఎవరూ కాదనరు.

నా బాధ రంగు కూడా కాదు. పాతది మూడు గంటలు దాటుతుంది, కొత్తది దాదాపు 20 నిమిషాలు తక్కువ. ఏం తీశారు? పద్యాలు, పాటలు. "ఈ తరానికి ఓపిక లేదు" అని ముందే తేల్చేసి వాళ్ళ పళ్ళెంలోంచి ముద్ద తీసేశారు.

గ్రేడింగ్‌గది
నేను సినిమాలకి కలర్ గ్రేడింగ్, అంటే తీసిన బొమ్మలో రంగులూ వెలుగూ సరిచేసే పని, చేస్తాను, అదే నా తిండి. రెండు సంగతులు చెప్తాను. ఒకటి రంగుల వాళ్ళకి నచ్చదు, ఇంకోటి పాతకాలం వాళ్ళకి.

మొదటిది. నలుపు తెలుపు ఫిల్ము మీద ఎరుపూ, ఆకుపచ్చా ఒక్కోసారి ఒకే బూడిదరంగుగా పడతాయి. ఆ కాలం వాళ్ళు బట్టలైనా సెట్టు గోడలైనా "ఇది తెర మీద ఎంత నల్లగా, ఎంత తెల్లగా వస్తుంది" అని చూసి ఎంచుకునేవాళ్ళు. సెట్టులో అసలు రంగు ఏదైనా వాళ్ళకి పట్టింపు లేదు. అందుకే బూడిదని చూసి "అసలు రంగు" వెనక్కి తెచ్చామనడం కుదరదు. అలాంటిది లేదు. ఎవరో ఒకరు కూచుని ఊహించాల్సిందే. ఊహలో తప్పు లేదు, దాన్ని అసలుది అని అమ్మితేనే తప్పు.

రెండోది. బార్‌ట్లీకి రంగులంటే గిట్టవని ఎవరూ అనుకోకండి. 1965లో వచ్చిన మలయాళం చెమ్మీన్ రంగుల సినిమా, కెమెరా ఆయనదే. ఆ సముద్రం ఒకసారి చూడండి. అవకాశం ఉంటే మాయాబజార్ కూడా రంగుల్లో తీసేవాడేమో. కాకపోతే అప్పుడు దీపాలు ఇంకోలా పెట్టేవాడు. నలుపు తెలుపులో మనిషిని వెనక గోడ నుంచి విడదీసేది వెలుగు ఒక్కటే, అందుకే జుట్టు అంచున, భుజం మీద ఆ మెరుపు. రంగులేస్తే ఆ పని రంగే చేస్తుంది. రెండూ కలిస్తే మొహాలు మైనం బొమ్మల్లా తోస్తాయి.

ఇంతకీ ఎవరూ మాట్లాడని అసలు నష్టం ఫ్రేముది. పాత సినిమా దాదాపు చదరపు తెర, ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37. 2010లో దాన్ని స్కోప్‌కి, అంటే 2.35కి మార్చారు. పక్కల నల్ల పట్టీలు వదలకుండా తెర నిండాలంటే రెండే దారులు. బొమ్మని అడ్డంగా సాగదీయాలి, లేదా పైనా కిందా కోయాలి. పూర్తిగా కోతతోనే నింపితే ఎత్తులో నూటికి నలభై పైగా పోతుంది. కిరీటమైనా పోవాలి, పాదాలైనా పోవాలి.

నేలక్లాసు
నలభయ్యా! వివాహ భోజనంబులో ఘటోత్కచుడు పెరిగి పెరిగి పైకి పోయేదే కదా తమాషా. పైన చోటు లేకపోతే ఎటు పెరుగుతాడు, పక్కలకా?

సిక్స్‌త్_బి
ఇది నాకు తెలీదు. నిజంగా తెలీదు. పాతది చూసినప్పుడు ఏదో విశాలంగా ఉందనిపించింది కానీ ఎందుకో అర్థం కాలేదు. రంగు విషయంలో నా మాట నాదే. ఫ్రేము విషయంలో తగ్గుతున్నా.

కృష్ణాతీరం
మధ్యలో దూరుతున్నాను. హిందీ మొగల్-ఎ-ఆజమ్‌ని 2004లో రంగుల్లో వదిలినప్పుడు జనం ఎగబడి చూశారు. 2007లో నయా దౌర్ కూడా అలాగే రంగుల్లో వచ్చింది. డబ్బొస్తుందనే ఆశ లేకపోతే పాత నెగెటివ్‌ని డబ్బాలోంచి తీసి శుభ్రం చేసేదెవరు? మన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదకి ఇవాళ ప్రింటే లేదు. రంగు పేరు చెప్పుకునైనా ఒక ప్రింటు బాగుపడితే నాకు సంతోషమే. మీరంతా పెళ్ళిలో వంకాయ కూరకి వంకలు పెట్టే చుట్టాల్లా ఉన్నారు.

పద్యాలపిచ్చి
శుభ్రం చేయమనే అంటున్నాం గురువుగారూ. గీతలు తుడవండి, శబ్దం బాగుచేయండి. ఆ తర్వాత నలుపు తెలుపుదీ, రంగులదీ రెండూ అమ్మండి. ఎవరొద్దన్నారు? మొగల్-ఎ-ఆజమ్ మాటంటారా, అందులో అద్దాల మహల్ పాట మొదటే రంగుల్లో తీసిందే. మిగతా సినిమాని దాని వరసలోకి తెచ్చామని చెప్పుకోవడానికి వాళ్ళకో ఆధారం ఉంది. మాయాబజార్‌లో ఒక్క ఫ్రేమూ రంగుది లేదు.

రీలుబాక్సు
గ్రేడింగ్‌గది గారూ, మీ మాటతో నా వాదన మారింది. వెన్నెల, వెన్నెల అని ఊగిపోయాను, కానీ రంగు నచ్చకపోతే టీవీలో రంగు తగ్గించుకోవచ్చు. కోసేసిన పాదాలు ఏ బటన్ నొక్కినా రావు. ఇక పాతదే పెడతాను, కారణం వెన్నెల కాదు.

రీలుబాక్సు (రెండు వారాల తర్వాత)
చూపించాను. ఉన్నదున్నట్టు చెప్తాను.

మొదటి పావుగంట ఘోరం. మేనల్లుడు "మావయ్యా, ఇది పాడైందా?" అన్నాడు. ద్వారక దృశ్యాలప్పుడు లేచి వంటింట్లోకి పోయాడు. ప్రియదర్శిని పెట్టె తెరిచి శశిరేఖ ఎక్కడో ఉన్న అభిమన్యుణ్ణి చూస్తుంటే గుమ్మం దగ్గర ఆగిపోయాడు. వాళ్ళ నాన్నతో రోజూ రాత్రి అలాగే మాట్లాడతాడు మరి. వచ్చి కూచున్నాడు, మళ్ళీ లేవలేదు.

చిన్నదానికి అన్నిటికంటే నచ్చింది సావిత్రి. మాయా శశిరేఖగా, అంటే శశిరేఖ రూపం ఎత్తిన ఘటోత్కచుడిగా, సిగ్గుపడుతూనే మధ్యలో ఘటోత్కచుడిలా ఛాతీ విరిచి నడుస్తుంది చూశారా, దాన్ని ఇల్లంతా తిరుగుతూ అనుకరించింది. ముగింపు రాకుండానే సోఫాలో నిద్రపోయింది. మర్నాడు దుప్పటి కావాల్సొస్తే సినిమాలో మాటే పట్టుకుని "గింబళి ఏది?" అని అడిగింది. అక్క ఆ సంగతి ఇప్పటికి నలుగురికి ఫోన్ చేసి చెప్పింది.

రంగు లేదని ఆ పావుగంట తర్వాత ఎవరూ అనలేదు. పాండవులు ఎప్పుడొస్తారని మాత్రం ఇద్దరూ అడిగారు, మొదట వాడు, తర్వాత చిన్నది.

ఒక్క తప్పు ఒప్పుకోవాలి. మధ్యలో పిల్లాడు ఆవలించాడు. నాకు టెన్షన్ వచ్చి ఒక పద్యం దగ్గర రిమోట్ నొక్కి ముందుకి జరిపాను.

సిక్స్‌త్_బి
అన్నా!!! 2010 వాళ్ళు చేసింది కూడా అదే కదా!

నేలక్లాసు
వెయ్యండి ఈయన మెడలో ఒక వీరతాడు.

పద్యాలపిచ్చి
నవ్వడం తర్వాత. ఏ పద్యం?